అలుగు ఆకారంలో ఫంక్షన్ హాలు

ఉమాశ్రీ పనిచేసే ఆఫీసులో గోడలకు ప్లాస్టిక్ గడ్డి అంటించి ఉంటుంది. లిఫ్టు ఎక్కితే స్పీకర్లోంచి కోయిల కూస్తుంది. కొండాపూర్‌లోని ఆ గాజు భవనంలో, తెరవడానికి ఒక్క కిటికీ కూడా లేని గదుల్లో కూర్చున్న జనం, అభయారణ్యాలకు వచ్చే సందర్శకుల కోసం ‘ప్రకృతి స్ఫూర్తి’తో కేంద్రాలు గీస్తుంటారు. ఏమిటయ్యా ఆ స్ఫూర్తి అంటే, ఇంటర్నెట్లో దొరికిన ఆకు ఫొటో పక్కన ఆకు ఆకారపు భవనం పైకప్పు పెట్టి చూపిస్తారు. తాబేలు పక్కన తాబేలు పైకప్పు. తాబేలుకు ఈ సంగతి తెలియదు కాబట్టి సరిపోయింది.

ఉమాశ్రీకి వీళ్లంటే పరమ అసహ్యం. ఏలూరులో కరెంటాఫీసు గుమాస్తా కూతురిగా పుట్టి, పట్టుబట్టి ఆర్కిటెక్చర్ చదివి, నలభై దాటేదాకా ఆఫీసులో ఆవిడ వంతుకి వచ్చినవి గేటెడ్ కమ్యూనిటీల ముఖద్వారాలూ, వాటి పక్కన మోటారుతో పారే జలపాతాలూ. అసహ్యాన్ని దాచుకునే అలవాటు లేదు. మీటింగుల్లో ఎవరైనా ‘కాన్సెప్ట్’ అనగానే పెదవి ఒక పక్కకి విరుస్తుంది. ఒకటి రెండు పెళ్లిచూపులు కూడా ఆ విరుపుతోనే చెడ్డాయి. చందానగర్‌లో ఆవిడతోనే ఉంటున్న తల్లి సుబ్బలక్ష్మి, “నోరు ఊరుకున్నా నీ మూతి ఊరుకోదే,” అని ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది.

ఇంతలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పుణ్యానికి ఖర్చు పెట్టాలనుకుని, ఒక అభయారణ్యం అంచున సందర్శకుల కేంద్రం కట్టించడానికి పూనుకుంది. పని ఉమాశ్రీ వాళ్ల ఆఫీసుకు వచ్చింది. యజమాని రామచంద్రం ఆవిడ్ని పిలిచాడు.

“రెండు డిజైన్లు పెడదాం మేడం. ఒకటి మీరు చేయుండ్రి, మీకు ఎట్ల నచ్చితే అట్ల. మీది ఓకే అయితే లీడ్ ఆర్కిటెక్ట్ అని మీ పేరే పెడ్తా. ఇంకోటి నేను చూస్కుంట, ఫికర్ చెయ్యకుండ్రి.”

అన్నేళ్ల ఉద్యోగంలో తన ఇష్టప్రకారం గియ్యమని ఆవిడతో ఎవరూ అనలేదు. సెలవు పెట్టి, సొంత ఖర్చుతో, బస్సులో అడవికి వెళ్లింది. ఫారెస్టు వాళ్లు చూపించిన కుంట పక్కన పొద్దుటి నుంచి కూర్చుంది. ఒక దుప్పి నీళ్ల దాకా వచ్చి, ఈవిడ చేతిగాజులు చప్పుడు చేయగానే బెదిరి వెనక్కి పోయింది. గాజులు తీసి సంచిలో వేసుకుని మళ్లీ కూర్చుంది. దుప్పి రాలేదు. ఆవిడ డిజైన్ అక్కడే పుట్టింది.

నేలలోకి వాలుగా దిగే బాట. నేలకి పైన నడుమెత్తు మించని రాతి గోడలు, కప్పు మీద మట్టి, మట్టి మీద ఆ అడవి గడ్డే. గోడల్లో కళ్లు ఆనించి చూసేందుకు సందులు. దాక్కోవాల్సింది చూడవచ్చిన మనిషి. పది అడుగుల దూరంలో నిలబడినా అక్కడ ఒక కట్టడం ఉందని తెలియకూడదు. జీవితంలో ఒక్కటి, ఈ ఒక్కటీ కట్టబడితే చాలని ఆవిడ అనుకుంది. అది కట్టబడకపోతే మళ్లీ జలపాతాలే.

రామచంద్రం రెండో డిజైన్ తెచ్చాడు. అది బాచుపల్లిలో ఎవరో ఫంక్షన్ హాలు కోసం గీయించుకుని, వాస్తు కుదరలేదని వదిలేసిన తామరపువ్వు. దాన్ని బోర్లించి, రేకులకు మట్టిరంగు వేయించి, అలుగు అన్నాడు. ఒళ్లంతా పొలుసులుండి, భయపడితే బంతిలా చుట్టుకునే అడవి జంతువు అలుగు. వధూవరుల వేదిక ఉన్నచోట పులిబొమ్మ నిలబెట్టాడు. భోజనాల హాలు భోజనాల హాలుగానే ఉంది.

కంపెనీ తరఫున వెంకటనారాయణ అనే పెద్దాయన ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. రెండు డిజైన్లూ ఉమాశ్రీనే వివరించమన్నారు.

తన డిజైన్ గురించి ఆవిడ నాలుగు ముక్కలు మాట్లాడింది. రాయి, మట్టి, ఎత్తు, ఖర్చు. కళ్లున్నవాడికి కనబడుతుంది, ఈ మొహాల ముందు బతిమాలుకోవడం ఏమిటని ఆవిడ ఉద్దేశం. దుప్పి సంగతి ఎత్తనే లేదు. వాళ్లు బిస్కెట్లు తింటూ విన్నారు.

తరువాత తెరమీద ఫంక్షన్ హాలు పడింది. ఆవిడకి ఒళ్లు మండింది. వీళ్లకి ఎంత చెత్త కావాలో అంతా పోద్దామని, గొంతులో తేనె కలుపుకుని మొదలుపెట్టింది.

“అలుగు ఆపద చూసి ముడుచుకుంటుందండి. ఈ భవనం మన గర్వాన్ని చూసి ముడుచుకుంటోంది. ఒక్కో పొలుసూ ఒక్కో తరం. ఈ కప్పు కింద నిలబడ్డ పసివాడు అడవితల్లి ఒళ్లో ఉన్నట్టే. ఇది కట్టడం కాదండి, భూమాతకు మనం చెప్పుకునే క్షమాపణ.”

ఎవరో ఒకరు నవ్వుతారని ఆగింది. ఎవరూ నవ్వలేదు. వెంకటనారాయణ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

“ఒళ్లు జలదరించిందమ్మా. ఇదే కడదామండి,” అన్నాడు.

ఉమాశ్రీ గబగబా లాప్‌టాప్ దగ్గరికి వెళ్లింది. “సార్, మొదటిది ఇంకొక్కసారి చూపిస్తానండి. దాని గురించి నేను సరిగ్గా చెప్పలేదు.”

“చూశాం కదమ్మా. మీకే అది అంతగా నచ్చినట్టు లేదు. దీని గురించి చెప్పేటప్పుడు చూడండి, మనసంతా ఇందులోనే ఉంది.” ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే మెచ్చుకుంటున్నాడు. అది ఫంక్షన్ హాలని ఇప్పుడు చెబితే, అంతసేపూ వెక్కిరించానని కూడా చెప్పాలి. ఆవిడ లాప్‌టాప్ మూసేసింది.

“మేడం డిజైన్ ఎందుకు పారేసుడు సార్,” అన్నాడు రామచంద్రం. “నేలకి ఆనుకొని ఉన్నది, ఎవ్వరికీ కనవడది. అలుగు ఎనకాల టాయిలెట్లకు మంచిగ సరిపోతది. రెండిట్ల మీద మేడం పేరే ఏస్త.”

అందరికీ అది బాగుందనిపించింది. ఆవిడ కష్టాన్ని వృథా పోనివ్వలేదని వెంకటనారాయణ రామచంద్రాన్ని మెచ్చుకున్నాడు కూడా. ఆ మధ్యాహ్నమే ఉమాశ్రీ తన డ్రాయింగు తెరిచి, వాలుబాట చివర ఆడవాళ్లకు ఒక వైపు, మగవాళ్లకు ఒక వైపు తలుపులు గీసింది. బాగానే కుదిరాయి.