పెదకర్మకి సెలవు అడిగిన మా కోటేశ్వరరావు గారు

నిన్న పొద్దున బ్రాడీపేటలో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. కోటేశ్వరరావు గారి నంబర్ నుంచి ఫోన్. ఇవాళ లేటవుతుందని చెప్తారేమో అనుకున్నాను.

వాళ్ళబ్బాయి.

"నాన్న లేరక్కా. తెల్లవారుజామున హార్ట్ ఎటాక్."

తర్వాత ఏం చెప్పాడో గుర్తు లేదు. బస్సు వచ్చింది, ఎక్కాను, అంతే.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఆయన మా మిర్చి ఫ్యాక్టరీలో హెచ్ఆర్ మేనేజర్. నా బాస్. కంపెనీ విదేశీయులది, రూల్స్ అన్నీ అక్కడి హెడ్డాఫీసువి. ఆ రూల్స్‌కీ, మా దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళకీ మధ్య నలిగిపోవడమే ఆయన ఉద్యోగం.

ఇంట్లో ఎవరైనా పోతే మూడు రోజులు సెలవు. పోయిన రోజు నుంచి వరసగా వాడుకోవాలి. ఇదీ రూల్.

ఆ రూల్ వచ్చిన కొత్తలోనే, తొడిమలు తీసే నాగమణి వాళ్ళ నాన్న పోయాడు. మూడో రోజు చిన్నకర్మతో సెలవు అయిపోయింది. పదకొండో రోజు పెదకర్మకి మానేస్తే సిస్టమ్ ఆబ్సెంట్ వేసి, వార్నింగ్ పంపింది. తండ్రి పెదకర్మ రోజున కూతురు మిరపకాయల ముందు కూర్చుంటుందా ఎక్కడైనా?

సార్ హెడ్డాఫీసుకి వీడియో కాల్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"ఒక్కరోజు కూడా ఎక్కువ అడగట్లేదండీ. ఆ మూడింట్లో ఒకటి పెదకర్మకి దాచుకోనివ్వండి, చాలు."

అంతా ఇంగ్లీషులోనే అన్నారు. "అండీ" మాత్రం తెలుగులో వచ్చేసింది.

ఒప్పుకున్నారు, ఆ ఒక్క ఏడాదికి. మళ్ళీ ఏడాది మళ్ళీ అడగాలి. అడిగేవారు. అవతల మనుషులు మారిపోయేవాళ్ళు. పెదకర్మ అంటే ఏంటో ఈయన మళ్ళీ మొదట్నుంచి చెప్పుకొచ్చేవారు. వినీ వినీ నాకే విసుగొచ్చేది.

మొన్న కాల్‌లో మాత్రం ఈసారి కుదరదన్నారు. అన్ని దేశాలకీ ఒకటే పాలసీ అట, నోటీసు బోర్డులో పెట్టమన్నారు.

ఆయన పెట్టలేదు. "నువ్వూ పెట్టకమ్మాయ్. అడిగితే నా పేరు చెప్పు" అని, తెచ్చిన టీ కూడా తాగకుండా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అంత అలసట ఆ మొహంలో ఎప్పుడూ చూడలేదు. చూసి కూడా ఇంటికెళ్ళి పడుకోండి సార్ అనలేకపోయాను.

నిన్న పని మొదలయ్యేసరికే ఆడవాళ్ళంతా నా టేబుల్ చుట్టూ చేరారు.

"వాళ్ళ ఊరు పర్చూరెళ్ళి సారుని ఒక్కసారి చూసొస్తామండీ మేడమ్" అంది నాగమణి.

సిస్టమ్ ఓపెన్ చేశాను. పోయినవారు మీకేమవుతారని అడుగుతోంది. అమ్మ, నాన్న, భర్త, బిడ్డ. మేనేజర్ అని ఎందుకుంటుంది?

మూసేశాను. అందర్నీ కంపెనీ బస్సెక్కించి నేనూ ఎక్కాను. దహనం అయ్యేదాకా ఎవరూ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇవాళ హెడ్డాఫీసు నుంచి మెయిల్. ఎవరి పర్మిషన్‌తో ప్రొడక్షన్ లైన్ ఆపారు అని.

నా పేరు రాశాను. పెదకర్మ రోజున కూడా ఆపుతున్నాం అని అందులోనే చెప్పాను.

పడుకోండి సార్. ఇక ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఇక్కడ దొరకని శాంతి అక్కడైనా దొరకాలి మీకు.