మైకులో అన్న మాట

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరులో బాస్కెట్‌బాల్ పోటీలు జరిగాయి. నేను డిప్లొమా ముగించి ఓవర్సీరు పని కోసం ఎదురుచూస్తున్నాను. మా తమ్ముడు జమ్మలమడుగు జట్టులో ఆడుతున్నాడు. ఫైనల్ చూసి జిల్లా జట్టును ఎంపిక చేయడానికి కడప నుంచి ఒక పెద్దమనిషి వస్తాడని అందరికీ తెలుసు. అందులో చోటు దొరికితే రైల్వేలో ఉద్యోగానికి దారి పడుతుందని తమ్ముడి ఆశ. వాడు దూరం నుంచి వేసిన బంతి ఇనుప చట్రానికి తగలకుండా బుట్టలోకి దిగేది.

సెమీఫైనల్లో పులివెందుల జట్టు మీద అతికష్టంగా గెలిచాం. ఆటను మైకులో వివరిస్తున్నవాడు ప్రొద్దుటూరు డ్రిల్లు మాస్టరు. ఆఖర్లో అతను అన్నాడు: “జమ్మలమడుగువాళ్లు బంతిని బుట్టలోకి కాదు, కెప్టెన్ చేతుల్లోకి వేస్తున్నారు. పెద్దలకు ముందు తాంబూలం ఇచ్చినట్టుంది. కుర్రవాళ్లూ, మీరూ వేయండయ్యా!”

ఉన్నమాటే. మా ఊళ్లో ఆ ఆట మొదలుపెట్టింది కెప్టెనే; ఊరంతా ఆయన్ను ‘అన్న’ అనే పిలిచేది. ఆయన పక్కన ఉండగా తాము వేయడం మర్యాద కాదని చిన్నవాళ్లు ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నారు. ఆయన మోకాళ్లు మాత్రం అప్పటికే పాడయ్యాయి.

సాయంత్రం కాఫీ హోటల్లో, ఆట చూడటానికి ఊరి నుంచి వచ్చిన మావాళ్లు ఆ మాటే పట్టుకుని కూర్చున్నారు.

“వాడు ప్రొద్దుటూరోడప్పా. మనల్ని పొగుడుతాడా?”

“వాడెప్పుడన్నా బంతి పట్టినాడా? నోరుంది, మైకుంది, వాగుతాండాడు.”

“మధ్యాన్నం మన పక్కనే కూచోని బువ్వ తినె. తిని మనల్నే అంటాడా!”

అతను పుట్టిన ఊరు, అతని నోరు, అతను తిన్న అన్నం. వాదనంతా ఈ మూడింటి చుట్టూ తిరిగింది. ఆట గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేనే అన్నాను: “ఆయన చెప్పింది నిజమా కాదా, అది సూడండి మామా. పిల్లోళ్లు వేయడం లేదు కదా?”

జట్టుకు బనియన్లు కొనిపెట్టిన బట్టల కొట్టు యజమాని నా వైపు తిరిగాడు. “శానా సదివినావులేప్పా. పోయి కాలవలు కొల్చుకో. అన్నను ఎగతాళి చేస్తే నీకు కడుపు మండదా?”

అందరూ నవ్వారు. ఆయన బల్ల మీద చరిచాడు. “రేపు ప్రతి బంతీ అన్నకే ఇయ్యాల. అన్నే వేసి గెలవాల. వాని నోరు మూతపడాల!”

అంతటితో ఆగలేదు. ఆటగాళ్లు దిగిన సత్రానికి పోయి, కెప్టెన్ స్నానానికి వెళ్లిన సమయం చూసి, బంతి అన్నకే ఇస్తామని ఒక్కొక్కరితో చేతిలో చెయ్యి వేయించి మాట తీసుకున్నారు. తమ్ముడూ వేశాడు. నేను వద్దని సైగ చేస్తే తల వంచుకున్నాడు.

మరునాడు ఫైనల్ ప్రొద్దుటూరుతో. విరామానికే కెప్టెన్ రొప్పుతున్నాడు. బుట్ట ఎదురుగా తమ్ముడికి అడ్డం ఎవరూ లేరు. “వెయ్‌రా! నువ్వే వెయ్!” అని కెప్టెనే అరిచాడు. తమ్ముడు బంతిని ఒక్క క్షణం పట్టుకుని, ఆయనకే విసిరాడు. మావాళ్లు ఈలలు వేశారు. ఆయన వేసింది చట్రానికి తగిలి బయట పడింది. ఆట చివరిదాకా అంతే. మైకులో మాస్టరు పాయింట్లు తప్ప ఇంకేమీ చెప్పలేదు.

చిత్తుగా ఓడిపోయాం. కడప పెద్దమనిషి ప్రొద్దుటూరు నుంచి కొందరినీ పులివెందుల నుంచి ఒకరినీ తీసుకున్నాడు. ఒక్కసారీ బుట్టకు వేయనివాణ్ణి ఏం చూసి తీసుకుంటాడు?

తిరుగు బస్సులో మావాళ్లు సంబరం చేసుకున్నారు.

“ఈపొద్దు ఒక్క మాటన్నా అన్నాడా వాడు? మూసినామా లేదా నోరు?”

బట్టల కొట్టాయన తమ్ముడి వీపు తట్టాడు. “మాట నిలబెట్టుకున్నావు రా అబ్బోడా!”

కెప్టెన్ ముందు సీట్లో మోకాలికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. ఏ మాట నిలబెట్టావని ఆయన అడగలేదు. తమ్ముడూ చెప్పలేదు.

కొన్నాళ్లకు బట్టల కొట్టాయన వాణ్ణి తన కొట్లోనే గుమాస్తాగా పెట్టుకున్నాడు. ఊరంతా ఆయన మంచితనాన్ని మెచ్చుకుంది. పండుగకు అందరూ అక్కడే బట్టలు తీసుకునేవారు. నేను మాత్రం ఆ కొట్టు మెట్లెక్కలేదు.