ట్యాంకి నిండితే ఎర్రగుడ్డ

తొంభైలల్ల కేతేపల్లి దిక్కు మా ఊర్ల నేను మంచినీళ్ల మోటరు నడిపేటోణ్ణి. మోటరు వాగు ఒడ్డున, ట్యాంకి ఊరి నడుమ మిట్ట మీద. నీళ్లు నిండినయా లేదా నాకు కానరాదు. ట్యాంకి పక్కింటి దర్జీ సాయెబు బిడ్డ వాళ్ల డాబా మీద ఎర్రగుడ్డ ఎగరేస్తే నిండినట్టు. అప్పుడు నేను మోటరు బంద్ చెయ్యాలె. ఇది ఎవరో చెప్పిన పని కాదు. నీళ్లు పొర్లితే వాళ్ల గోడ నానుతదని ఆమెనే పెట్టిన పద్ధతి.

పొద్దంత ఆ డాబా దిక్కే చూసుకుంట కూసునేది. సాయంత్రం చిరిగిన అంగీ పట్టుకొని వాళ్ల దుకాణం కాడికి పోయేది. అంగీ చిరగకుంటె చింపుకొని పోయేది.

"ఇయ్యాల గుడ్డ ఆలస్యమైంది," అన్న ఓ రోజు ఆమెతోటి.

"నీళ్లే ఆలస్యమైనయి, మోటరాయనా."

"వాగుల వాలుగ చేప ఒకటి పైపుల ఇరికింది. బతిమాలి బయటికి పంపిన. లేకుంటె మీ నల్లాల వచ్చేది."

"వస్తె పులుసు పెడుదు. నీ అబద్ధాలు గూడ అండ్లనే ఉడుకుతుండె."

మిషిను తొక్కుకుంటనే వాళ్ల నాయిన, "ఆ పులుసు నాకొద్దు బేటీ," అన్నడు.

గుడ్డ ఆలస్యమైనప్పుడల్ల నీళ్లు పొర్లేవి, కరెంటు వట్టిగ కాలేది. బిల్లు చూసి పంచాయితోళ్లు మొత్తుకున్నరు. నల్లగొండ నుంచి ఇంజనీరు సారొచ్చి ట్యాంకిల నీళ్ల మీద తేలే బుర్ర ఒకటి పెట్టిండు. దానికి తీగ గుంజి, మోటరు కాడ ఒక డబ్బా బిగించిండు. నీళ్లు తగ్గితే మోటరు దానంతట అదే నడుస్తది, నిండితే దానంతట అదే ఆగుతది. బిల్లు తగ్గింది. చివరి వాడకు గూడ నీళ్లు అందినయి. ఆ డబ్బాను తిడుదామంటె నాకు ఒక్క తప్పు దొరకలే.

గని దుకాణం కాడ ఇగ ఏం మాట్లాడాలె? "బుర్రకు జరమొచ్చింది, ట్యాంకి దిక్కు నువ్వే ఓ కన్నెయ్యి," అన్న ఒకసారి.

"దవాఖానకు తోలుకపో," అన్నది నవ్వుకుంట.

ఆ నవ్వుతోటే చాన రోజులు బతికిన. అబద్ధాలు ఎన్నంటే అన్ని వచ్చేవి. ఆమెతోటి అనాల్సిన ఒక్క నిజం మాత్రం నోట్లెకు రాలే.

కొన్నాళ్లకు సాయెబు దుకాణం ఆలేరుకు మార్చిండు. సామాన్ల లారీ వాగు కాడ ఆగింది, ఇంజన్ల నీళ్లు పోసుకోను. ఆమె ముందట కూసున్నది. నేను పోయి కింద నిలవడ్డ. జరసేపు చూసి, నా దిక్కు వంగి ఏదో చెప్పవట్టింది. సరిగ్గ గప్పుడే మోటరు దానంతట అదే లేసింది. పెదవులు కదిలినయి, మాట వినరాలే. నేను ఉరికి మోటరు బంద్ చేసి వచ్చేసరికి లారీ వాగు దాటింది.

ఏమన్నదిరా అని దోస్తులు అడుగుతె ఇప్పటిదాంక ఎన్ని తీర్ల చెప్పిన్నో. ఆలేరుకు రమ్మన్నదని ఒకసారి, పైలంగ ఉండుమన్నదని ఒకసారి. ఏది చెప్పినా నమ్ముతరు వాళ్లు. అండ్ల ఒక్కటన్న నేను గూడ నమ్మగలిగితె ఎంత బాగుండు.