వెల్లుల్లి కారం తిని వాసన చూసినదాన్ని

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో నా ముక్కంటే నాకు మహా గర్వం. మాది వినుకొండ వైపు మిరప రైతుల ఇల్లు. కల్లంలో ఎండుమిరపకాయ విరిచి వాసన చూసి, దానికి ఎప్పుడు తడి తగిలిందో చెప్పేయడం మా నాన్న విద్య. అది నాకూ అబ్బిందని అందరూ అనేవాళ్లు (అందరూ అంటే మా నాయనమ్మ ఒక్కతే అనుకోండి). అందుకని గుంటూరు అవతల హైవే పక్కనున్న గ్యాసు ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరిన రోజు, "ఇక్కడ వాసన పరీక్ష కూడా ఉంటుందమ్మా" అని మా ల్యాబు పెద్దసారు అంటే, ఆ పరీక్ష నా కోసమే పెట్టారనుకున్నాను.

ఆ ఫ్యాక్టరీలో బాయిలరు పొగలోంచి కార్బన్ డయాక్సైడు పట్టి, సోడాలవాళ్లకి సిలిండర్లలో అమ్మేవాళ్లు. పొగని ఒక మందు కలిపిన నీళ్లలోంచి పంపితే ఆ నీళ్లు గ్యాసుని పట్టుకుంటాయి. మళ్లీ మరిగిస్తే వదిలేస్తాయి. వదిలేటప్పుడు ఊరికే వదలవు, పెళ్లికూతురి వెంట తోడపెళ్లికూతురిలా కాస్త మందు కూడా ఆవిరై గ్యాసు వెంట వచ్చేస్తుంది. దాన్ని వదిలించడానికి ఒక పొడుగాటి టవరు ఉండేది. పైనుంచి నీళ్లు జల్లుగా పడుతుంటే గ్యాసు కిందనుంచి పైకి పోతూ స్నానం చేస్తుందన్నమాట. అప్పటికీ మిగిలిన మందుని ఆ తర్వాతున్న బొగ్గు గుళికలు పీల్చుకుంటాయి. వాటినీ దాటి వచ్చిందా, సోడా మూత తీయగానే కుళ్లిన చేపల కంపు! దాన్ని కనిపెట్టే మిషను రిపేరుకి వెళ్లి ఎంతకీ తిరిగి రాలేదు గనక నా ముక్కే మిషను. గ్యాసుని చల్లటి నీళ్లలోకి బుడగలుగా వదిలి, వాసన చూసి, ఓ గుక్క పుక్కిట పట్టి, రిజిస్టర్లో 'ఉంది' అనో 'లేదు' అనో రాయాలి. పరీక్షకి రెండు గంటల ముందు ఘాటైనదేదీ తినరాదని గోడకి బోర్డు కూడా ఉంది.

గుంటూరులో ఆ బోర్డు పెట్టినవాళ్లని అనాలి అసలు. నేనుండేది పిన్ని వాళ్లింట్లో. రోజూ పొద్దున్నే నాలుగిడ్లీలు, వెల్లుల్లి కారం, మధ్యలో గుంట చేసి నువ్వుల నూనె. "ఇది ఘాటేంటే, చంటిపిల్లలకి కూడా పెడతాం!" అనేది పిన్ని. నాకూ నిజమే అనిపించేది. తిని వెళ్లి వాసన చూసేదాన్ని, ముత్యాల్లాంటి అక్షరాలతో 'లేదు' అని రాసేదాన్ని. అలా ఆరు నెలలు, ఒక్కరోజు తప్పకుండా 'లేదు'. ఇంకో వారంలో ఉద్యోగం ఖాయం చేసే కాగితం రావాలి. రాకముందే మా నాన్న ఊరంతా మిఠాయి పంచేశాడు. అది రాకపోతే ఏ మొహం పెట్టుకుని ఊరెళ్లాలి?

సరిగ్గా ఆ వారమే రంజాన్ నెల మొదలైంది. ఓ మధ్యాహ్నం మా దగ్గర గ్యాసు కొనే సోడా బాబాయి ఆటోలో సిలిండరు వేసుకుని దిగాడు. "అమ్మాయ్, నీ గ్యాసులో చేపలు ఈదుతున్నాయి" అన్నాడు దిగుతూనే. "సాయంత్రం రోజా విడిచాక మా వీధి వీధంతా నా సోడాకే వస్తారు. పొద్దంతా పస్తున్న మనిషి నోట్లో ఈ కంపు ఎట్లా పోసేదమ్మా?" ఆయన నవ్వుతూ మొదలుపెట్టాడు గానీ చివరికొచ్చేసరికి గొంతు మారింది.

వెంటనే పరీక్ష పెట్టాం. పెద్దసారు తాగి, "బానే ఉందే" అన్నారు. టవరు చూసుకునే వాల్వు మావయ్య తాగి, "భేషుగ్గా ఉందండీ" అన్నాడు. నేను కళ్లు మూసుకుని మరీ వాసన చూసి, "లేదండీ" అన్నాను. సోడా బాబాయి రోజాలో ఉన్నాడు గనక నోట పెట్టలేదు, గ్లాసు మీదికి వంగాడంతే. ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కేశాడు. పెద్దసారు నా వైపు తిరిగి, "పొద్దున ఏం తిన్నావమ్మా?" అన్నారు.

"ఉప్మా అండీ."

"ఉప్మా కాదు సార్, వెల్లుల్లి కారం" అన్నాడు బాబాయి, నా వైపు చూడకుండానే. "నెయ్యి కూడా కాదు, నువ్వుల నూనె." నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దసారు నన్ను కేకలెయ్యడానికి నోరు తెరిచారు. తెరవకుండా ఉండాల్సింది. "తమరు మిరపకాయ బజ్జీ, ఉల్లిపాయ కూరింది" అన్నాడు బాబాయి ఎంతో మర్యాదగా. వాల్వు మావయ్య మెల్లగా తలుపు వైపు జరిగాడు. "నువ్వెటూ పోకు, నీ గోంగూర ఇక్కడిదాకా వస్తోంది." మావయ్య అక్కడే తప్పు ఒప్పేసుకున్నాడు. "ఎండలకి ట్యాంకులో నీళ్లు తగ్గాయండీ. పడేది ఉత్త నీళ్లేగా, సగం చాలదా అని వాల్వు కాస్త కట్టేశాను." అదీ సంగతి. వారం రోజులుగా గ్యాసుకి సగం స్నానమే, మేమేమో ముగ్గురం కారం తిని కాపలా కాశాం.

వాల్వు పూర్తిగా తిప్పించి, "రేపు పొద్దున్నే ఖాళీ కడుపుతో రా" అన్నారు పెద్దసారు. పిన్ని గుండెలు బాదుకుంది. నేను ఇడ్లీ పాత్ర పక్కనుంచి ఊపిరి బిగబట్టి నడిచి వచ్చాను. ల్యాబులో నా కాగితం బల్ల మీదే ఉంది, ఇంకా సంతకం పడలేదు. బయట సిలిండర్ల లారీ సిద్ధంగా ఉంది. బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అమ్మో! సన్నగానే, కానీ ఉంది. నీళ్లు సరిగ్గా పడుతున్నా, అప్పటికే మందు తాగేసిన బొగ్గు గుళికలు దాన్ని తిరిగి కక్కుతున్నాయి. ఆరు నెలల్లో నేను నిజంగా చూసిన మొదటి వాసన అదే. "లారీ ఆగి ఉందమ్మా, సరిగ్గా చూడు" అన్నారు సారు. మా నాన్న పంచిన మిఠాయి పొట్లాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. బాబాయి ఏమన్నా అంటాడేమోనని చూశాను. ఆయన తల దించుకుని కూర్చున్నాడు. నేను 'ఉంది' అని రాశాను.

సారు ఆ అక్షరాలకేసి చూశారు. తర్వాత లారీని వెనక్కి పంపించి, బల్ల మీది కాగితం లాక్కుని సంతకం పెట్టారు. "నువ్వు ఉద్యోగంలో చేరింది ఇవాళమ్మా" అన్నారు. బొగ్గు గుళికలు మార్చడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం సోడా బాబాయి ఇంటి నుంచి మా ముగ్గురికీ నిమ్మకాయ సోడాలొచ్చాయి.

ఇప్పుడు ఆ పెద్దసారు కుర్చీలో నేనున్నాను. మిషను కూడా బాగయింది, అయినా పొద్దున వాసన పరీక్ష నేనే చేస్తాను, ఖాళీ కడుపుతో. అప్పుడప్పుడు ఆ పాత రిజిస్టరు తీస్తుంటాను. పేజీల కొద్దీ ముత్యాల్లాంటి 'లేదు'లు, చివర ఒక్క 'ఉంది', వంకరటింకరగా. ఆ 'లేదు'లు రాసిన పిల్లని చూస్తే నవ్వొస్తుంది. ఆ 'ఉంది' రాసిన పిల్లంటే మాత్రం భలే ముద్దు నాకు. ఈలోగా పదకొండవుతుంది, పరీక్ష అయిపోయి ఉంటుంది. రిజిస్టరు మూసి డబ్బా తెరుస్తాను. ఇడ్లీ, వెల్లుల్లి కారం.