తోమిన రూపాయి

టీచరుగారు పోయారన్న కబురు నాకు పెళ్లి మండపంలో అందింది. తాడేపల్లిగూడెంలో పెళ్లిళ్లకు వీడియోలు తీస్తుంటాను. జీలకర్రా బెల్లం పెట్టే వేళ జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే టీచరుగారి చెల్లెలు.

"అక్క పొద్దున పోయిందండీ. నిద్రలోనే. మీకు చెప్పాలి కదా అని..."

సరేనండీ అని ఫోను పెట్టేసి కెమెరా మళ్లీ భుజానికెత్తుకున్నాను. తలంబ్రాలు నాకోసం ఆగవు కదా. ఆ రోజు తీసింది ఎలా వచ్చిందో ఇంకా చూడలేదు. చూసే ఓపిక లేదు.

ఆవిడ ఏలూరులో మిషన్ స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఐదేళ్ల కిందట ఒకరోజు నా స్టూడియోకి వచ్చి, చేతిసంచిలోంచి తెల్లదొరల కాలంనాటి, రాజుగారి బొమ్మున్న నాలుగు పాత వెండి రూపాయలు తీసి బల్లమీద పెట్టారు. "వీటిమీద పాఠాలు చెబుతానండీ. మీరు వీడియో తీసి యూట్యూబులో పెట్టాలి" అన్నారు.

"ఎవరు చూస్తారండీ?" అన్నాను.

"క్లాసులో మాత్రం అందరూ విన్నారా ఏమిటండీ?"

ఇంకేమంటాను! అప్పట్నుంచి నెలకు రెండుసార్లు ఏలూరు నుంచి ప్యాసింజరు బండిలో వచ్చేవారు. నాణెం కిందపడితే దెబ్బ తగలకుండా బల్లమీద పాత నేతచీర ముక్క పరిచేవారు. "ఏవండీ, లైటు రాజుగారి మొహం మీద కొట్టకండి. పక్కనుంచి వెయ్యండి. మీసం కనపడాలి" అనేవారు. నిజంగానే, పక్కనుంచి వేస్తే అరిగిపోయిన మీసం కూడా పైకి లేచేది. పెళ్లికూతుళ్ల నగలు తీసేటప్పుడు ఆ కిటుకు నేనిప్పటికీ వాడుకుంటున్నాను.

ఆవిడ వీడియోలు చూసినవాళ్లు మీలో ఒకరిద్దరైనా ఉంటే, ప్రతి పాఠం ఎలా మొదలయ్యేదో గుర్తుండే ఉంటుంది. "తోమకండి. నల్లబడినా సరే, అలాగే ఉంచండి. అంచు పట్టుకోండి, మొహం ముట్టుకోకండి." మన ఇళ్లలో వెండి అనగానే చెయ్యి చింతపండు మీదికి పోతుంది. దీపపు కుందికి అది మంచిదే. పాత నాణేన్ని అలా తోమితే మాత్రం, సేకరించేవాళ్లు దానివైపు కన్నెత్తి చూడరట. ఇంకో పాఠంలో చెప్పారు, వేలు అంటిన చోట ఇవాళ ఏమీ కనపడదట. నెలలు గడిచాక అక్కడ వేలిముద్ర నల్లగా తేలుతుందట. తేలాక ఇక పోదట.

చూసే ఆ కొద్దిమందీ కింద రాసేది ఒకటే ముక్క: రేటెంత మేడమ్? ఆవిడ విసుక్కోకుండా ఒక్కొక్కరికీ జవాబిచ్చేవారు. "అది నాకు తెలీదు బాబూ, దాని వయసైతే చెప్పగలను." నాకే విసుగొచ్చేది.

ఇక నా నిర్వాకం చెప్పాలి. చెప్పకపోతే ఈ నాలుగు ముక్కలూ రాసి ప్రయోజనం లేదు.

ఆవిడ నాన్నగారు మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డున కూలిపని చేసేవారు. ఆయన బతికినన్నాళ్లూ రొంటిన దోపుకుని తిరిగిన రూపాయి ఒకటుండేది. బొగ్గులా నల్లగా ఉండేది. ఓసారి బండికి టైమైపోతుంటే ఆవిడ దాన్ని నాకిచ్చి, "మీ దగ్గరుంచండి, ఈసారి వచ్చినప్పుడు దీనిమీదే పాఠం" అని వెళ్లారు. లైటు సరిచూసుకుందామని కెమెరా ముందు పెడితే నల్లటి మరకలా తప్ప కనపడలేదు. పెళ్లిళ్ల సీజను, వారంగా నాకు సరిగ్గా నిద్ర లేదు. పాపం, నాన్నగారి రూపాయి మెరుస్తుంటే సంతోషిస్తారు అనుకున్నాను. ఇంట్లోంచి చింతపండు తెచ్చి, రాజుగారి చెవి తళతళలాడేదాకా తోమాను. అన్ని పాఠాలు తీసినవాణ్ని, ఒక్కటీ వినలేదు. నా చూపంతా ఫోకస్ మీదే ఉండేది.

ఆవిడ వచ్చి చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"తోమారా అండీ?"

"అవునండీ. ఎలా మెరుస్తోందో చూడండి!"

రూపాయిని నేతచీర ముక్క మీద పెట్టారు. తర్వాత మెల్లగా అన్నారు. "ఆ నలుపు మా నాన్న చేతిదండీ."

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఆ రోజు ఆ రూపాయితోనే పాఠం చెప్పారు. "ఇది తోమిన నాణెం. పొరపాటున జరిగింది. తేడా చూడండి" అన్నారు. ఎవరు తోమారో చెప్పలేదు. కెమెరా వెనక నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "ఏవండీ, కెమెరా కదులుతోంది. మళ్లీ తీద్దాం" అన్నారు. మళ్లీ తీశాం.

చివరిసారి ఆవిడ వచ్చి ఆరేడు నెలలవుతుంది. మెట్లెక్కేసరికే ఆయాసం. పాఠం అయ్యాక సంచిలోంచి ఆ రూపాయి తీసి, బొటనవేలు సరిగ్గా రాజుగారి చెంప మీద పెట్టి గట్టిగా నొక్కి పట్టుకున్నారు.

"టీచరుగారూ, అంచు, అంచు!" అన్నాను కంగారుగా.

"అమ్మయ్య, ఇన్నాళ్లకు పాఠం వచ్చిందండీ మీకు" అని నవ్వారు. దాన్ని కాగితపు కవరులో పెట్టి నా చేతికిచ్చారు. "మీ దగ్గరే ఉండనివ్వండి. ఈసారి తోమకండేం." పెద్దతనం, మతిమరుపు అనుకుని కవరు బీరువాలో పడేశాను.

మొన్న ఏలూరులో ఆవిడ ఇంట్లో ఆదరణ కూడిక, అదే పోయినవాళ్ల ఇంట్లో చేసే ప్రార్థన, జరిగింది. నాన్నగారి రూపాయి ఒకసారి చూస్తానని వాళ్ల చెల్లెలు అడిగితే తీసుకెళ్లాను. కవరు విప్పి ఆవిడ చేతిలో పెట్టాను.

"అయ్యో, మచ్చ పడిందేమిటండీ! కాస్త చింతపండు పెడితే పోతుంది" అన్నారావిడ.

నాణెం తీసుకుని, అంచు పట్టుకుని, కిటికీ దగ్గరికి నడిచాను. వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పాను. రాజుగారి చెంప మీద సన్నటి నల్లటి గీతలు, ఒకదాని చుట్టూ ఒకటి. టీచరుగారి బొటనవేలు.