మూడు రేవులు దాటి మా ఆవిడ ఇంటికి

విదేశంలో మాకొక విడిది ఇల్లు ఉండేది. ఏటా మే నెలలో మూడు నదులు దాటి, పగలల్లా ప్రయాణం చేసి, నేనే స్వయంగా కారు నడుపుకుంటూ సకుటుంబంగా వెళ్లి పది రోజులు ఉండి వచ్చేవాణ్ని. దారిలో సరిహద్దు, సరిహద్దు దగ్గర పోలీసులు, డిక్కీ తెరిపించి సోదాలు, అన్నీ ఉండేవి.

ఈ పేరా చదివి మా ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసింది, నా వంక ఒకసారి చూసింది, వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ చూపు తెలిసినవాణ్ని కనక సర్దుకుని చెబుతాను.

విదేశం అంటే యానాం. మూడు నదులూ గోదావరే. వశిష్ఠ, వైనతేయ, గౌతమి అని మూడు పాయలు. మేమున్న నరసాపురం నుంచి మొత్తం దూరం ఎనభై కిలోమీటర్లకు మించదు. సకుటుంబం అంటే మేమిద్దరమే. అయితే విదేశం అన్నది పూర్తిగా కోతేమీ కాదు. ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు. అక్కడి పోలీసులు ఎర్ర టోపీలు పెట్టుకుంటారు. మా వైపు మద్యనిషేధం ఉన్న ఆ ఏళ్లలో ఇక్కడ దొరకనిది అక్కడ దర్జాగా దొరికేది. పరదేశం కావడానికి ఇంకేం కావాలి?

పగలల్లా ప్రయాణం అన్నది మాత్రం నిజం. అప్పటికి ఆ దారిలో వంతెనలు లేవు. మూడు చోట్లా కారును పంటు ఎక్కించాలి. రెండు పెద్ద పడవలను పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను పెడితే పంటు. గేదెలూ, మోటారు సైకిళ్లూ, కొబ్బరి బస్తాలూ, మనుషులూ అందరూ దాని మీదే. బుద్ధి ఉన్నవాళ్లు సిద్ధాంతం వంతెన, రావులపాలెం దాటాక ఇంకో వంతెన ఎక్కి, టైరుకు తడి తగలకుండా చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు. మా ఆవిడ ఒప్పుకునేది కాదు. చిన్నప్పుడు వాళ్ల పిన్ని చెయ్యి పట్టుకుని ఆ రేవుల మీదుగానే వెళ్లిందట. "నీళ్లు దాటకపోతే ఊరెళ్లినట్టే ఉండదండీ" అనేది.

ఆ పిన్ని యానాంలో నర్సుగా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. పోయేముందు తన ఇల్లు మా ఆవిడ పేర రాసింది. రెండు గదులు, పెంకుల కప్పు, గౌతమి కనిపించే వరండా, వరండాలో పేము కుర్చీ. గోడ మీద పిన్ని ఫొటో. తెల్ల చీర, తల మీద తెల్ల టోపీ, ఇప్పుడో ఇంకాసేపట్లోనో మనకు సూది పొడవబోతున్నట్టుండే చూపు.

నరసాపురంలో మా ఆవిడ రోజు ఎలా గడిచేదో చెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచేది. నేను బడికి వెళ్లేలోగా వంట ముగించి, తర్వాత వీధిలో ఆడవాళ్లకు దారం పంచి, వాళ్లు అల్లిన లేసు చూసి తీసుకుని, తను కూడా కూర్చుని అల్లేది. అల్లినదల్లా ఏ దేశంలోనో ఎవరి భోజనాల బల్ల మీదికో పోయేది. మా ఇంట్లో కిటికీకి మాత్రం మిల్లు గుడ్డే. యానాంలో ఆ పది రోజులూ ఆవిడ చేతికి సూది తగిలేది కాదు. దోమతెర మీద ఎండ పడేదాకా లేచేది కాదు. పేము కుర్చీలో కూర్చుని గోదారి చూసేది. కాఫీ నేనే పెట్టేవాణ్ని. రోజూ కాదు. రెండుసార్లు పెట్టాను.

ఇల్లు ఆవిడది, ఆ పది రోజులూ ఆవిడవి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక పోస్టు కార్డు రాయాల్సి వచ్చింది.

నేను లెక్కల మేష్టర్ని. స్టాఫ్ రూములో నాకంటూ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఒకరికి కొబ్బరితోట, ఒకరికి రొయ్యల చెరువు, ఒకరి తమ్ముడు డాక్టరు. నాకు ఒక పాత కారూ, యానాంలో ఒక ఇల్లూ. దాంతో ఆ రెండు గదులూ నా నోట్లో ఏడాదికొక గది చొప్పున పెరుగుతూ వచ్చాయి. వరండా కాస్తా బాల్కనీ అయింది. మద్యనిషేధం వచ్చాక ఆ కథ వినేవాళ్లు కూడా పెరిగారు.

ఒకనాడు మా డ్రిల్లు మేష్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. "రోజూ మీ ఫ్రెంచి బంగళా గురించి వినడమేనా అండి? మాకేమన్నా చూపించేది ఉందా?"

"దానికేం భాగ్యమండీ. నా ఇల్లే కదా, ఎప్పుడంటే అప్పుడు వెళ్లండి."

"మాటకి అంటున్నారా, నిజంగానా?"

మాటకే అన్నాను. కానీ నలుగురూ నా వంకే చూస్తున్నారు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను. ఆ ఇంటికి ఉన్నవి రెండు తాళంచెవులు. ఒకటి ఆవిడ దగ్గర, ఒకటి నా దగ్గర. కొన్నాళ్లకు ఆవిడ నాదేదని అడిగింది. బడి పని మీద అవతలి ఒడ్డుకు వెళ్లినప్పుడు వశిష్ఠలో పడిపోయిందన్నాను. ఊరికే పడిపోయిందంటే బాగుండదని, పంటు మీద గాలికి ఎవరో ముసలాయన కండువా ఎగిరిపోతుంటే వంగి పట్టుకోబోయాననీ, అప్పుడు జారిందనీ చెప్పాను.

"కండువా దొరికిందాండీ?" అంది.

"దొరికింది."

"పోన్లెండి పాపం" అంది. ఆ 'పాపం' ముసలాయనకో నాకో ఇప్పటికీ తెలియదు.

స్టాఫ్ రూమువాళ్లు నాలుగు శనివారాలు యానాం వెళ్లొచ్చారు. వేసవి సెలవులు ఇవ్వగానే డ్రిల్లు మేష్టారు తాళంచెవి తెచ్చి ఇచ్చి, "అద్దంలా కడిగించానండి. మీ ఆవిడగారు ముక్కు మీద వేలేసుకోవాలి" అన్నారు. ఆ మాట నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో అంత భయమూ పెట్టింది.

ఆ ఏడు మా ఆవిడ ఒళ్లో ఒక మూట ఉంది. పాత దుప్పటి గుడ్డలో చుట్టి, వెనక సీట్లో పెట్టనివ్వకుండా ఒళ్లోనే పెట్టుకుంది. చలికాలమంతా పనయ్యాక కూర్చుని యానాం ఇంటి కిటికీకి తెర అల్లిందట. "ఎన్నేళ్లుగానో అల్లుతున్నాను కదండీ, నాకోసం అల్లుకున్నది ఇదొక్కటే" అంది. ఎదురుగా ఎవరూ లేకపోయినా నేను హారను కొట్టాను.

నరసాపురం రేవులో కారు పంటు ఎక్కించాలి. ఒడ్డుకూ పంటుకూ మధ్య రెండు బల్లలు వేస్తారు. వాటి మీదుగా నేను పులిలా ఎక్కించేవాణ్నని స్టాఫ్ రూములో చెప్పేవాణ్ని. నిజానికి పంటు నడిపే సరంగు నా ముందు వెనక్కి నడుస్తూ రెండు చేతులూ ఎత్తి గిత్తను పిలిచినట్టు పిలిచేవాడు. నేను నీళ్లు చూడకుండా అతని చేతులే చూస్తూ పోయేవాణ్ని. "ఆపకండి మేష్టారూ, ఆపకండి, అమ్మగారూ మీరు దిగండి" అని కేకలు. ఒక ఏడు బల్లల మధ్యలో ఇంజను ఆగిపోతే జనమంతా కలిసి నెట్టారు. ఈసారి మాత్రం ఒక్క కుదుపు లేకుండా ఎక్కింది. ఆగిపోతే బాగుండునని నేను కోరుకున్న ఒకే ఒక్క రోజున.

రాజోలు దాటాక ఇంజను వేడెక్కినట్టుందన్నాను. దిగి బానెట్టు ఎత్తి చాలాసేపు చూశాను. పాశర్లపూడి రేవులో ముందు పంటుకు చోటున్నా వెనక పంటుకు ఆగాను. అమలాపురంలో రెండు పెసరట్లు తిని, ఇంకోటి చెప్పాను.

"వెనక్కి పోదామంటావా? కారు అంత బాగోలేదు" అన్నాను.

ఆవిడ చేతి వెనకవైపు బానెట్టు మీద ఆనించి చూసింది. "కారు బాగానే ఉందండి. మీకే ఏదో అయింది" అంది.

ఎదుర్లంక రేవులో గౌతమి దాటుతున్నప్పుడు చెప్పేద్దామనుకున్నాను. పాయ వెడల్పుగా ఉంది, మనసులో మాటను కూడగట్టుకోవడానికి కావలసినంత సేపు పట్టింది. ఆవిడ మూట పట్టుకుని పంటు అంచున నిలబడింది. అవతలి ఒడ్డున పెంకుల కప్పు కనబడగానే, "అదిగో" అంది. రోజూ నాలుగింటికి లేచే మనిషి గొంతు కాదది. ఎవరో పదేళ్ల పిల్ల గొంతు. నేను చెప్పలేదు.

తలుపు తీయగానే ఫినాయిలు వాసన. నిజంగానే అద్దంలా ఉంది. సీసా లేదు, మూత లేదు, సిగరెట్టు ముక్క లేదు. పేము కుర్చీ ఉండాల్సిన చోటే ఉంది. నాకు ఊపిరి ఆడింది. ఎవరో మనిషిని పెట్టి నేనే కడిగించానని ఒక కథ అల్లడం మొదలుపెట్టాను కూడా.

"ఏవండీ" అంది ఆవిడ లోపలి గదిలోంచి. "మా పిన్ని గోడకేసి చూస్తోందేంటండీ?"

వెళ్లి చూశాను. ఫొటో మేకుకు వేలాడుతూనే ఉంది. అట్ట మాత్రం మావైపు, మొహం గోడవైపు.

"గాలికి తిరిగి ఉంటుంది" అన్నాను.

"తలుపులు మూసున్న ఇంట్లోనా?"

"బల్లి ఏదైనా..."

"బల్లి ఫినాయిలు కూడా పోసిందా?"

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆవిడ ఫొటోను తిప్పి చెంగుతో తుడుస్తోంది. పిన్ని కళ్లు తిన్నగా నా మీద పడ్డాయి. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెయ్యని పని చేశాను. జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆవిడ తాళంచెవి వంక చూసింది. "ఎన్నిసార్లు?"

"ఒక్కసారే." ఫొటో వంక ఒకసారి చూసి, "నాలుగు" అన్నాను.

"ఇల్లు ఎవరిదని చెప్పారు వాళ్లకి?"

"మనదని."

"మనదనా, మీదనా?"

"నాదని."

ఆవిడ మూట విప్పకుండా మంచం మీద పెట్టి, వరండాలోకి వెళ్లి కుర్చీలో కాకుండా మెట్టు మీద కూర్చుంది. "రేపు పొద్దున్నే వెళ్లిపోదాం" అంది. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది, నేను నలుగురికి పంచిపెట్టింది రెండు గదులూ వరండానూ కాదని. ఏడాదంతా ఊరివాళ్ల కోసం అల్లే మనిషికి, తనదంటూ మిగిలిన చోటు అదొక్కటే. గొప్ప కోసం దాన్ని బల్ల మీద పెట్టేశాను.

"ఊరెళ్లగానే వాళ్లకి నిజం చెప్పేస్తాను" అన్నాను.

"అప్పటికి మీరు దాన్ని ఇంకో కథ చేసేస్తారు. ఇక్కడే రాయండి." లేచి సంచీలోంచి పోస్టు కార్డు తెచ్చింది.

"కవరు లేదా?"

"కవరెందుకండీ? దాచేదేముంది అందులో?"

మొదటి కార్డులో 'గృహ విషయమై స్వల్ప అపార్థం' అని మొదలుపెట్టాను. చదివి ఇంకో కార్డు ఇచ్చింది. రెండో దానిలో తప్పు సగం డ్రిల్లు మేష్టారి మీదికి నెట్టాను. ఇంకోటి ఇచ్చింది. మూడోది ఇదీ: 'యానాంలో ఇల్లు మా ఆవిడది. వాళ్ల పిన్నిగారు ఇచ్చింది. ఆవిడను అడగకుండా నేను మీకు తాళంచెవి ఇచ్చాను. బాల్కనీ లేదని మీరు చూసే ఉంటారు.' బాల్కనీ సంగతి ఆవిడ అడగలేదు. నేనే చేర్చాను.

దాన్ని పోస్టు డబ్బాలో వేసి వచ్చాక, "జవాబు వచ్చేదాకా ఉందాం" అంది. ఉన్నాం. కానీ ఆ రోజులు అంతకుముందు వేసవుల్లాంటివి కావు. నాలుగింటికే లేచేది. కుర్చీ ఖాళీగా ఉండేది. మూట మంచం చివర అలాగే ఉండేది. రోజూ నేనే కాఫీ పెట్టాను. ఇది కోత కాదు.

ఏడో రోజు డ్రిల్లు మేష్టారి జవాబు కార్డు వచ్చింది. నాకు కాదు, ఆవిడకి.

'అమ్మగారికి నమస్కారములు. మేష్టారి కార్డు ముందుగా మా ఆవిడ చదివిందండి. తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో మీరు ఊహించుకోగలరు. ఫొటో తిప్పింది నేనేనండి. పిన్నిగారు అలా చూస్తుంటే గ్లాసు ఎత్తబుద్ధి కాలేదు. తిప్పినా లాభం లేకపోయింది, గోడలోంచి చూస్తున్నట్టే అనిపించింది. అన్నీ కడిగించాను గానీ ఆవిణ్ని మళ్లీ ఇటు తిప్పడం మర్చిపోయాను. ఇల్లు మీదని తెలిస్తే గడప తొక్కేవాళ్లం కాదండి. క్షమించగలరు.'

ఆవిడ రెండుసార్లు చదివింది. 'గోడలోంచి చూస్తున్నట్టే' అన్న చోట ఆగి, ఫొటో వంక చూసి, ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తర్వాత మూట విప్పింది.

"ఆ స్టూలు కదలకుండా పట్టుకోండి" అంది.

తెర కట్టేసరికి పొద్దు వాలుతోంది. గోదారి మీద వెలుగు ఆ అల్లికలోంచి నేల మీద పడింది. ఆవిడ పేము కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. మర్నాడు దోమతెర మీదికి ఎండ వచ్చేదాకా లేవలేదు. అలాంటివి ఆ ఏడు మిగిలినవి మూడు రోజులు.

ఇప్పుడు ఆ పాయల మీద వంతెనలు వచ్చాయి. వాటి మీదుగా వెళ్తే టిఫిను అరిగేలోపు చేరిపోతాం. రెండు తాళంచెవులూ ఆవిడ దగ్గరే ఉంటాయి. వెళ్లాలనుకుంటే నేను అడుగుతాను.

ఇంతదాకా రాసి కాగితాలు ఆవిడకిచ్చాను. మొదటి వాక్యంలో విదేశం అన్నది కొట్టేస్తుందేమో అనుకున్నాను. దాని జోలికి పోలేదు. పెన్ను తీసుకుని 'మాకొక' అన్న చోట గీత గీసి, పైన 'మా ఆవిడకొక' అని రాసి ఇచ్చింది. అచ్చుకు వెళ్లేలోగా దిద్దుతానని ఒప్పుకున్నాను. దిద్దకుండానే పంపుతున్నాను, ఎందుకంటే అలా రాసినవాణ్ని నేనేనని మీకు తెలియాలి.