‘బిడ్డా’ అన్నచోట ‘పిల్లా’

నూలు కండెలు చుట్టేటప్పుడు కాంతవ్వ నోరు ఊరుకునేది కాదు. రాట్నం తిరుగుతున్నంతసేపూ పాట సాగాల్సిందే. అమీర్‌పేటలో అప్పటికి పట్టుమని నలభై పద్మశాలీల ఇళ్లు కూడా లేవు. ఏ ఇంట్లో పెండ్లి జరిగినా, పసిపిల్లను తొట్టెలో వేసినా ఆమెకు పిలుపు వచ్చేది.

1937లో రాజనర్సయ్య ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె పుట్టినూరివాడు, కులంవాడు, చిన్నప్పుడు ఆమె చంకనెక్కి తిరిగినవాడు. ఇప్పుడు మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక బడిలో పంతులు. ఆడవాళ్ల పాటలను సేకరించి పుస్తకం వేయడానికి చదువుకున్నవాళ్లు కొందరు సంఘం పెట్టారని చెప్పాడు. పాడిన ప్రతి మనిషి పేరూ అందులో ఉంటుందట. ఆ తర్వాత సంఘంవాళ్లు అమీర్‌పేటలోనే ఒక గది కట్టి ఆడపిల్లలకు చదువూ పాటా నేర్పిస్తారట.

“గివి రాస్కోకుంటె మనతోనే పోతయక్కా,” అన్నాడు.

ఆ మాట కాంతవ్వకు గుండెలో దిగింది. కోటు వేసుకున్న మగవాడి ముందు ఏ ఆడదీ నోరు విప్పదు కాబట్టి, ఇల్లిల్లూ తానే తిరిగింది. విన్న పాటను కంఠతా పట్టి, బడికి సెలవైన శుక్రవారం అతను వచ్చినప్పుడు పాడి వినిపించేది. అతను రాసుకునేవాడు. మూడేళ్లు అలా గడిచాయి.

పంజగుట్టలో రాళ్లు కొట్టే చంద్రమ్మ కాంతవ్వకు ప్రాణస్నేహితురాలు. ఆరేళ్ల కూతురు వాననీళ్లు నిండిన రాతిగుంటలో పడి చనిపోతే, ఆమె తనకు తానే ఒక పాట కట్టుకుంది. సాయంత్రం పొయ్యి అంటించేటప్పుడు తప్ప దాన్ని ఎప్పుడూ పాడదు. కాంతవ్వ అడిగితే, అది పాట కాదని, బిడ్డతో తన ముచ్చట అని తల అడ్డంగా ఊపింది. కాంతవ్వ వదల్లేదు. పుస్తకంలో ఆమె పేరుతోనే ఉంటుందని, పాట ఎక్కడికీ పోదని తన నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేసింది. చివరికి చంద్రమ్మ గోడవైపు తిరిగి కూర్చుని పాడింది.

*పొద్దు గూకవట్టె బిడ్డా, పొయ్యి రాజవట్టె,*
*నీకు వెట్టిన బువ్వ బిడ్డా, సల్లారవట్టె.*

1941 ఎండాకాలంలో ఒకనాడు కాంతవ్వ నూలు మూట నెత్తిన పెట్టుకుని ఇరానీ హోటల్ ముందు నుంచి పోతోంది. లోపల గ్రామఫోన్ ప్లేటు మోగుతోంది. హార్మోనియం, తబలా, ఒక మగగొంతు. చరణం వినగానే కాళ్లు నిలిచిపోయాయి. అదే వరస, అవే మాటలు. ‘బిడ్డా’ అన్నచోట మాత్రం ‘పిల్లా’ అని ఉంది. బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు దరువు వేస్తున్నారు. ఒకడు ‘పిల్లా’ అన్నప్పుడల్లా ఈల వేస్తున్నాడు.

మరునాడు ఆమె మాసబ్ ట్యాంక్ దాకా నడిచి వెళ్లింది. రాజనర్సయ్య కుర్చీ వేశాడు, మంచినీళ్లు తెప్పించాడు. పుస్తకం అచ్చయి అప్పటికే ఎనిమిది నెలలైందని అక్కడే తెలిసింది. తన పేరు చూపించమంది. అతను ముందుమాట తీసి తానే చదివాడు. “అమీర్‌పేట ప్రాంతపు కొందరు స్త్రీలు” అని ఉంది. అట్టమీద ఉన్నది అతని పేరొక్కటే. కట్టాల్సిన గది మాట అడిగితే, సంఘం చీలిపోయిందన్నాడు.

“చంద్రమ్మ పాటను ప్లేటు మీదికి ఎవరెక్కిచ్చిన్రు?” అంది.

“ప్లేట్ల కంపెనోళ్లకు నేనే ఇచ్చిననక్కా. ఏడుపుపాట ఎవరింటరని వాళ్లు ఒక్క మాట మార్చిన్రు. జనం పాటకు ఫలానోళ్లదని ఉంటదా? నలుగురి నోట్ల బతికింది గద.”

కాంతవ్వ అతని ముఖంలోకి చూస్తూ కూర్చుంది. అతను సిగ్గుపడటం లేదు. నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు. నీళ్లు ముట్టకుండా లేచి వచ్చేసింది.

అక్కడి నుంచి తిన్నగా పంజగుట్ట వెళ్లింది. వేరెవరి నోటా వినకముందే తానే చెప్పాలనుకుంది. ఈల సంగతితో సహా ఏదీ దాచలేదు. చంద్రమ్మ సమ్మెట పక్కన పెట్టి అంతా విన్నది. తిట్టలేదు, ఏడవలేదు.

“నువ్వు అమ్ముకున్నవని అంటలేను. ఇచ్చినవ్. ఇచ్చెతందుకు అది నీదా?” అంది.

తర్వాత మళ్లీ సమ్మెట అందుకుంది. ఆ రోజు నుంచి కాంతవ్వతో మాట్లాడలేదు.

కాంతవ్వ పాట తెచ్చుకున్న ప్రతి ఇంటికీ పోయి జరిగింది చెప్పింది. కొందరు నవ్వి ఊరుకున్నారు. ఇద్దరు తలుపు వేసుకున్నారు. వచ్చీరాని ఉర్దూలో ఇరానీ హోటల్ నడిపే ముసలాయనకూ చెప్పుకుంది. ఆయన ఆ ప్లేటు తీసి పక్కన పెట్టి, మళ్లీ వేయలేదు. కానీ పట్నంలో హోటళ్లు ఒకటా రెండా? తనను తమ్ముడిలాంటివాడు ముంచాడన్న కోపం ఏడాదికి చల్లారింది. తాను చంద్రమ్మను ముంచానన్నది మాత్రం చల్లారలేదు.

1949లో విజయరాణి అనే కాలేజీ అమ్మాయి నోటుబుక్కుతో వచ్చింది. ముందుగా కాంతవ్వే ఆమెకు ఈ కథంతా చెప్పింది. తర్వాత సొంత పాటలు మాత్రమే పాడి, ప్రతి పాట కిందా పేరు రాయించి, చదివించుకుని విన్నది. చంద్రమ్మ పాట సరైన మాటతో ఎక్కడైనా నిలవాలని ఆమెకు ఉంది. అయినా తాను పాడలేదు. “నువ్వే పొయ్యి అడుగు బిడ్డా. ఇయ్యకుంటె జబర్దస్తీ చెయ్యకు,” అని దారి చూపింది.

విజయరాణి పంజగుట్ట వెళ్లి గంటలోపే తిరిగి వచ్చింది. తనకు ఏ పాటలూ రావని చంద్రమ్మ చెప్పిందట.

కాంతవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. చంద్రమ్మ నోట తాను స్వయంగా విన్న పాటలే పద్దెనిమిది ఉన్నాయి.